చర్చి స్నేహితులు కలిసి ఇంట్లో కాచిన బీరు తాగుతారా?

“అమెరికాలో చర్చి వాళ్లు ఇంట్లోనే బీరు తయారు చేసుకుని అందరూ కూర్చుని తాగుతారట, నిజమేనా, తప్పు కాదా?” అని ఒకరు అడిగారు. నిజమే. నేనుండేది టెక్సస్‌లో, ఆస్టిన్ దగ్గర. మా లూథరన్ చర్చిలో కొంతమందిమి ఆరేళ్లుగా నెలకోసారి ఎవరో ఒకరి గరాజ్‌లో చేరుతున్నాం. తప్పా ఒప్పా అన్న సంగతికి తర్వాత వస్తాను.

మాది గుంటూరు, తాతల కాలం నుంచి లూథరన్లమే. ఇంట్లో బీరు అన్న మాట పైకి అనడమే తప్పు, మా నాన్నగారైతే పెళ్లిళ్లలో థమ్సప్ గ్లాసు కూడా ఓసారి వాసన చూశాకే నోట పెట్టుకునేవారు. అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి. ఇక్కడికొచ్చిన కొత్తలో ఆదివారం ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన భుజం మీద చెయ్యేసి “శుక్రవారం మా ఇంటికి రా, కొత్త బ్యాచ్ రెడీ అయింది” అంటే బైబిల్ స్టడీ బ్యాచ్ కాబోలనుకుని బైబిల్ పట్టుకుని మరీ వెళ్లాను. చూస్తే గరాజ్‌లో మడత కుర్చీలు, కూలర్ నిండా ఐసు, ఆ ఐసులో లేబుల్ లేని గోధుమరంగు సీసాలు, మూతల మీద మార్కర్‌తో రాసిన అంకెలు. పాస్టరుగారు నిక్కరు వేసుకుని ఓపెనర్ వెతుక్కుంటున్నారు. వెనక్కెళ్లి బైబిల్ కార్లో పెట్టి వచ్చాను.

ఇంట్లో కాచడం అనగానే మనవాళ్లకి నాటుసారా బట్టీలు గుర్తొస్తాయి. అది వేరు, సారా అంటే ఆవిరి పట్టి దించేది, ఇంట్లో బీరుకి ఇక్కడున్న మినహాయింపు దానికి లేదు. బీరు పులియబెట్టి ఊరుకునేది. 1978లో అప్పటి అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం వల్ల ఇంటి వాడకానికి పన్ను లేకుండా ఏడాదికి 100 గ్యాలన్లు, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే 200 గ్యాలన్ల దాకా చేసుకోవచ్చు, అమ్మకూడదంతే. (మన దగ్గర లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజ్ వాళ్లొస్తారు, ఇది చదివి గిన్నె పొయ్యి మీద పెట్టకండి.)

ఒక విడతకి 5 గ్యాలన్లు, అంటే సుమారు 19 లీటర్లు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో ఓ గంట నానబెట్టి, ఆ తీపి నీళ్లు వడకట్టి మరిగిస్తుంటే ఇల్లంతా హార్లిక్స్ వాసన. చేదు కోసం హాప్స్ అనే మొక్క పూలు వేసి, చల్లార్చి, ఈస్ట్ కలిపి రెండు వారాలు దాని జోలికి పోకూడదు. సీసాలకెత్తే ముందు కొలత ప్రకారం కాస్త చక్కెర కలిపి మూత బిగిస్తే లోపలున్న ఈస్ట్ అది తిని గ్యాసు పుట్టిస్తుంది, దానికి ఇంకో రెండు వారాలు. సగం పని కడగడమే. ఆవకాయ జాడీకి తడి తగలకుండా మా అమ్మ ఎంత జాగ్రత్త పడుతుందో, ఇక్కడ సీసాల శుభ్రానికి అంత జాగ్రత్త కావాలి.

నా మొదటి విడత కథ చెప్పాలి. బెల్జియంలో విట్‌బీర్ అని ఒక రకం ఉంది, గోధుమలు, నారింజ తొక్క, ధనియాలు వేసి చేస్తారు. ఆగిపోయిన ఆ రకాన్ని 1966లో హూగార్డెన్ ఊళ్లో పియెర్ సెలిస్ అనే పాలవాడు మళ్లీ మొదలుపెట్టాడు, ఆయనే 1992లో మా ఆస్టిన్‌కి వచ్చి బ్రూవరీ పెట్టాడు. ధనియాలు అనగానే నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. పైగా ఇండియన్ స్టోర్‌లో దొరికే కోలగా, లేతరంగులో ఉండే మన ధనియాలకి నిమ్మ వాసన ఎక్కువని ఇక్కడ ఇంట్లో బీరు కాచేవాళ్లు వాటికోసమే వెతుక్కుంటూ వస్తారు. 20 గ్రాములు పచ్చివి దంచి చివరి ఐదు నిమిషాల్లో వెయ్యమంటే, నేను 100 గ్రాములు దోరగా వేయించి, పొడి కొట్టి వేశాను. మా ఇంట్లో చాలాసార్లు భోంచేసిన పాస్టరుగారు ఒక గుక్క తాగి, గ్లాసు వంక చూసి, “అన్నం ఏది?” అన్నారు. అచ్చం రసమే. మిగతా నలభై సీసాలు సింకులో పోశాను.

ఇక తప్పా ఒప్పా. మా చర్చి వాళ్లనడిగితే, లూథరన్లకి మూలపురుషుడైన లూథర్ భార్య కతరీనా జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో ఇంట్లోనే బీరు కాచేదని గర్వంగా చెప్తారు. కానీ ఇదే దేశంలో వెల్చ్ అనే మెథడిస్టు 1869లో ద్రాక్షరసం పులియకుండా చేసే పద్ధతి కనిపెట్టింది చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారపు బల్ల కోసమే, కాబట్టి చర్చి వాళ్లంతా ఒకేలా ఉంటారనుకోకండి. మా దగ్గర ఒక్కొక్కరికి ప్రతి సీసా నుంచి నాలుగు గుక్కలు వస్తాయి, ఎక్కువ సమయం “ఉల్లిపాయ వాసనొస్తోంది”, “పోయినసారిదే నయం” అని వంకలు పెట్టడంతోనే సరిపోతుంది. డ్రైవింగ్ ఎవరిదో ముందే తేలుతుంది.

నాకు తప్పు అనిపించింది ఒకటుంది. మాలో ఒకాయన ఒకప్పుడు తాగుడుతో సంసారం పోగొట్టుకుని, పదకొండేళ్లుగా చుక్క ముట్టని మనిషి. మేం ఇది మొదలుపెట్టాక ఆయన మాతో కలవడం తగ్గించేశాడు, ఆరు నెలల దాకా మాలో ఒక్కరికీ అది తట్టలేదు. చివరికి పాస్టరుగారి భార్య అడిగింది, మీ శుక్రవారాల వల్ల ఆయన శుక్రవారాలు ఏమయ్యాయో చూశారా అని. ఇప్పుడు నెల విడిచి నెల సీసాలు లేకుండా కలుస్తున్నాం, ఆ నెల వంట ఆయనదే. మందు మానేసినవాళ్లు మీలో ఉంటే వాళ్లని ముందే అడగండి, మాలాగా ఆలస్యం చేయకండి.

అమ్మకి చాలాకాలం చెప్పలేదు. పోయిన క్రిస్మస్‌కి ఫోన్‌లో ధనియాల సంగతితో సహా మొత్తం చెప్పేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, “వేయించకుండా వేస్తే పచ్చివాసన రాదట్రా?”