సౌండ్ డిప్లొమానా, మొబైల్ రికార్డింగా?

ప్రశ్న: మా అబ్బాయిది డిగ్రీ చివరి సంవత్సరం. బ్యాండ్లు వాయించే చోటికే సామాను తీసుకెళ్లి రికార్డు చేసే ఒక మొబైల్ రికార్డింగ్ సర్వీసులో సెలవుల్లో పనిచేస్తున్నాడు. చదువయ్యాక కూడా అదే చేస్తానంటున్నాడు. మ్యూజిక్ ప్రొడక్షన్ డిప్లొమాలో చేర్పించి, స్టూడియోలో స్థిరపడేలా చూడాలని మా ఆలోచన. వైర్లు మోసే పనికి భవిష్యత్తు ఉంటుందా? రెండింట్లో ఏది మేలు? - ఒక తల్లి

జవాబు: రెండూ పోల్చి చెబుతానమ్మా. కానీ మిమ్మల్ని తొలుస్తున్నది ఆ 'వైర్లు మోసే పని' అన్న మాటే. మీవాడు ఏం చేస్తున్నాడని నలుగురూ అడిగితే ఏం చెప్పాలన్న బెంగతో చాలామంది తల్లిదండ్రులు నాకు ఇలాగే రాస్తారు. కాబట్టి ఆ వైర్ల సంగతే ముందు చెప్పనివ్వండి.

వేదిక మీద ఒక్కో మైకు నుంచి వచ్చే సిగ్నల్‌ను స్ప్లిటర్ అనే పెట్టెలో మూడు పాయలు చేస్తారు. ఒకటి హాల్లో సౌండ్ నడిపే కన్సోల్‌కు, ఇంకొకటి కళాకారులు తమ పాట తాము వినే మానిటర్ స్పీకర్లకు, మూడోది రికార్డింగ్‌కు పోతుంది. ఈ మూడో పాయ వల్ల మొదటి రెండింటికీ ఇబ్బంది రాకూడదు. పరికరాల ఎర్త్ తీగలు కలిసి చుట్టుగా మారితే, అంటే గ్రౌండ్ లూప్ ఏర్పడితే, పాటంతా 'హమ్' వినిపిస్తుంది, అందుకే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్ప్లిటర్లు వాడతారు. కరెంటు అందితేనే పనిచేసే కండెన్సర్ మైకులకు, మైకు తీగ మీదే వెళ్లే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఏ కన్సోల్ ఇవ్వాలో ముందే మాట్లాడుకోవాలి. గాయకుడి మైకులోకి దూరిన డ్రమ్స్ చప్పుడును తర్వాత పూర్తిగా తీసేయడం కుదరదు. మైకు ఎక్కడ, ఏ వాలున ఉండాలో పాట మొదలవక ముందే తేలిపోవాలి. సౌండ్‌చెక్‌లో నెమ్మదిగా పాడినవాళ్లు జనాన్ని చూడగానే గొంతు పెంచుతారు కాబట్టి సౌండ్ స్థాయి చూపే మీటర్‌లో పైన ఖాళీ వదలాలి.

ఇక్కడ రెండో టేకు ఉండదు. అందుకే రెండు రికార్డర్లు ఒకేసారి తిరుగుతాయి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ నాణ్యతలో 32 ట్రాకులు, అంటే 32 విడివిడి రికార్డింగులు తీస్తే గంటకు 16 గిగాబైట్లు దాటుతుంది. ఆ రాత్రే దాన్ని ఇంకో డ్రైవ్‌లోకి ఎక్కించి, తెరుచుకుంటోందో లేదో చూశాకే నిద్ర. హాల్లో 30 మీటర్ల వెనక చప్పట్ల కోసం పెట్టిన మైకుకు పాట దాదాపు 90 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. తర్వాత ట్రాకులన్నీ కలిపే మిక్సింగ్‌లో ఆ తేడా సర్దకపోతే పాట చెదిరినట్టు ఉంటుంది. ఇక నలుగురు వయొలిన్లతో కూర్చున్నప్పుడు ఇన్ని మైకులు అక్కర్లేదు. రెండింటిని 17 సెంటీమీటర్ల ఎడంతో, 110 డిగ్రీల కోణంలో నిలిపే ఓఆర్‌టీఎఫ్ పద్ధతి చాలు. కానీ ఆ జంట వాయించేవాళ్లకు ఎంత దూరాన ఉండాలో చెవితోనే తేల్చుకోవాలి. ఇదమ్మా, మీరు వైర్లు మోయడం అన్నది.

ఈ పని నిన్నమొన్నటిది కూడా కాదు. 1971 డిసెంబర్‌లో డీప్ పర్పుల్ అనే రాక్ బృందం స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో ఒక హోటల్లో వాయిస్తే, బయట నిలిపిన, రోలింగ్ స్టోన్స్ అనే మరో రాక్ బృందం వాళ్ల స్టూడియో లారీలో అది రికార్డయింది.

డిప్లొమాల మీద నాకు అనుమానాలున్నాయి, దాచను. 'ప్రొడ్యూసర్' అన్న పేరు చూసి పిల్లలు చేరిపోతున్నారు. సాఫ్ట్‌వేర్, దానికి తగిలించే ప్లగిన్లు శ్రద్ధ ఉన్నవాడు ఇంట్లో కూర్చుని నేర్చుకోగలడు. నిజమైన డ్రమ్ కిట్ ముందు మైకు పెట్టే అవకాశం ఎన్నిసార్లు వస్తుందన్నదే అడగాల్సింది. ఆ జవాబు సూటిగా చెప్పని సంస్థలో ఫీజు కట్టకండి. పైగా చాలా బ్యాండ్లు ఇప్పుడు సొంత గదుల్లోనే రికార్డు చేసుకుంటున్నాయి. స్టూడియోలో సహాయకుడిగా చోటు దొరకడం మీరనుకున్నంత తేలిక కాదు.

ఇంకో మాట, కాస్త గట్టిగానే అంటాను. కొడుకు పనిచేసే చోటికి మీరు ఒక్కసారైనా వెళ్లారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. చూడకుండానే ఆ పనికి తక్కువ పేరు పెట్టేశారు. ఆ పేరు వాడి చెవిన పడే ఉంటుంది. సెలవుల్లో నిద్ర మానుకుని పనికి పోతున్న పిల్లవాడి గురించి బెంగ దేనికి? మీరు భయపడాల్సిన పిల్లవాడు వేరేలా ఉంటాడు.

కష్టాలూ ఉన్నాయి. రాత్రిళ్లు, వారాంతాలు పనికే పోతాయి. కొన్ని నెలలు ఊపిరాడదు, కొన్ని నెలలు ఫోనే మోగదు. అందుకని లైవ్ సౌండ్, ప్రసారాల ఆడియో, షూటింగుల్లో లొకేషన్ సౌండ్ కూడా పట్టుకోవాలి. మూల నైపుణ్యం ఒకటే. చెవులు మాత్రం జాగ్రత్త. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు తట్టుకునే చెవికి 100 దగ్గర పదిహేను నిమిషాలే హద్దు. ఇయర్‌ప్లగ్స్ లేకుండా వేదిక దగ్గరకు వెళ్లనివ్వకండి.

డిగ్రీ పూర్తి చేయించండి, అందులో రాజీ వద్దు. తర్వాత ఒక ఏడాది ఆ సర్వీసులోనే ఉండనివ్వండి. ఆడియో ఇప్పుడు డాంటే వంటి పద్ధతుల్లో కంప్యూటర్లను కలిపే ఈథర్‌నెట్ తీగల మీద నడుస్తోంది కనుక నెట్‌వర్కింగ్, మామూలు ఎలక్ట్రానిక్స్ నేర్చుకోమనండి. టంకం పెట్టడం రావాలి. తను చేసిన మిక్స్‌లు కళాకారుల అనుమతి తీసుకుని దాచుకోమనండి. ఏడాది తర్వాత వాడికే ఏదో కొరత తెలిస్తే అప్పుడు కోర్సు వెతకవచ్చు. ఏం నేర్చుకోవాలో తెలిసి వెళ్తాడు.

ఈలోగా ఆ సర్వీసు నడిపేవారిని కలవండి. జీతం నెలకా, కార్యక్రమానికా, బరువులు ఎత్తేటప్పుడు ఎంతమంది ఉంటారు, కరెంటు పని ఎవరు చూస్తారు అని అడగండి. అర్ధరాత్రి కార్యక్రమం ముగిశాక బండి ఎవరు నడుపుతారో కూడా అడగండి. రోజంతా పనిచేసి అలసిన మీవాడే అని చెబితే, ఆ పద్ధతి మార్చేదాకా మాత్రం పంపకండి.