ఆధార్ వివరాలు కలవక ఆగిన ఉపకారవేతనం: ముందు ఏది సరిచేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. ఇంటర్ మార్కుల ఆధారంగా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కేంద్ర ఉపకారవేతనానికి దరఖాస్తు మొదలుపెట్టాం. ముఖ ధ్రువీకరణ దగ్గర ఫోన్ ఆమెను గుర్తుపట్టడం లేదు. ఆధార్ రెండో తరగతిలో తీయించాం, మళ్లీ మార్చలేదు. అందులో ఇంటిపేరుకు ఒక్క అక్షరమే ఉంది, పుట్టిన తేదీ జనవరి 1 అని పడింది. పదో తరగతి సర్టిఫికెట్‌లో రెండూ సరిగ్గానే ఉన్నాయి. నెట్ సెంటర్‌లో సర్టిఫికెట్‌నే మార్పించమంటున్నారు. హాస్టల్ ఫీజుకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తేవచ్చా? – మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, ఆ సర్టిఫికెట్ జోలికి మాత్రం వెళ్లకండి. ఇంటర్ మెమో మొదలుకొని రేపటి ఉద్యోగ దరఖాస్తు వరకు మీ అమ్మాయి కాగితాలన్నీ దానినే అనుసరిస్తాయి కాబట్టి, మారవలసింది ఆధారే. అయితే ఆధార్‌లో పేరును రెండుసార్లు, పుట్టిన తేదీని ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు. ఉన్న ఆ ఒక్క అవకాశాన్ని పదో తరగతి మెమో చేతిలో పెట్టుకునే వాడుకోండి.

ముఖం కలవకపోవడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. పదిహేనేళ్లు నిండాక ఫొటో, వేలిముద్రలు, కనుపాపలు తప్పనిసరిగా కొత్తగా ఇవ్వాలి. పదిహేడు లోపు అయితే అది ఉచితం. ఆ పని జరగలేదు గనుక ఫోన్ ఇప్పటికీ రెండో తరగతి పాపనే వెతుకుతోంది. ఇప్పుడు దానికి 2025 అక్టోబరు నుంచి అమలవుతున్న రుసుము ₹125 అవుతుంది, కానీ అదే రోజు పేరు, తేదీ కూడా మార్పిస్తే వాటికి విడిగా కట్టనక్కరలేదు. వివరాలు ఎక్కించాక, పంపేముందు తెరను మీ అమ్మాయినే అక్షరం అక్షరం చదవమనండి. తేదీలో రోజు, నెల తారుమారైతే మళ్లీ మొదటికొస్తుంది. ఆధార్‌లోనూ పోర్టల్‌లోనూ ఉండే ఫోన్ నంబరు మీదే కావాలి, నెట్ సెంటర్ వాళ్లది కాదు.

మార్పు పూర్తయినట్టు సందేశం వచ్చాకే పోర్టల్ తెరవండి. ఈలోగా బ్యాంకు సంగతి చూసుకోవాలి. ఖాతాకు ఆధార్ ఇచ్చి ఉండటం వేరు, ప్రభుత్వ సొమ్ము పడేందుకు ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాపింగ్‌లో, అంటే ఏ ఆధార్‌కు ఏ బ్యాంకో చూపే పట్టికలో, ఆ ఖాతా ఉండటం వేరు. మ్యాపింగ్‌లో ఒక్క బ్యాంకే ఉంటుంది, చివరగా అనుసంధానించిన దానికే డబ్బు వెళ్తుంది. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ఏడాదంతా ఎదురుచూసిన సొమ్ము, ఇంటర్‌లో తెరిచి మరచిపోయిన జీరో బ్యాలెన్స్ ఖాతాలో పడి ఉంది. మైఆధార్ వెబ్‌సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది.

మీరు రాయని విషయం ఒకటి అడగాలి. అమ్మాయికి రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తోందా? వస్తుంటే ఈ కేంద్ర పథకాన్ని దానితో కలిపి తీసుకోవడానికి వీల్లేదు. కేంద్రం డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి ₹12,000 ఇస్తుంది. రాష్ట్రం కట్టే ఫీజు అంతకంటే ఎక్కువైతే దానినే ఉంచుకోవడం మేలు. ఏది ఎంచుకున్నా ఆధార్ సరిచేయక తప్పదు.

ఇక అప్పు. ఉపకారవేతనం ఏ నెలలో పడుతుందో ఎవరూ మాట ఇవ్వలేరు, కాబట్టి ఈ ఏడాది హాస్టల్ ఖర్చు లెక్కలో దాన్ని చేర్చకండి. నూటికి మూడు రూపాయల చొప్పున ₹12,000 తెస్తే నెలకు ₹360, పది నెలలకు ₹3,600 వడ్డీకే పోతుంది. అంతకంటే మీ పొదుపు సంఘంలో అంతర్గత అప్పు అడగడం, కుదరకపోతే బ్యాంకులో చిన్న నగ మీద రుణం తీసుకోవడం నయం. దానికి ముందు ఆధార్ సవరణ రసీదు జిరాక్సు తీసుకుని హాస్టల్ కార్యాలయానికి వెళ్లి, ఫీజును రెండు వాయిదాల్లో కడతామని అమ్మాయి చేతనే అర్జీ రాయించి ఇవ్వండి.