కాజీపేటలో కీమా హోటల్ పెట్టిన బిడ్డకు

బిడ్డా,

పెద్దకూర (బర్రె మాంసం) కీమా కిలో ఒక దుకాణంలో 280 రూపాయలు, ఇంకో దుకాణంలో 320 అంటున్నారని, తక్కువకిచ్చే ఆయనతోనే నెలకు మాట్లాడుకుంటానని నిన్న ఫోన్లో చెప్పావు. రాత్రంతా నాకు అదే మనసులో తిరిగింది. మాట ఇచ్చే ముందు ఈ ఉత్తరం చదువు.

రెండు చోట్లా ఒక్కో కిలో తెచ్చి, వేర్వేరు గిన్నెల్లో నూనె లేకుండా వేయించు. ఊరిన నీళ్లు, కరిగిన కొవ్వు వంపేసి, మిగిలింది కాంటా మీద పెట్టు. 320 పెట్టి తెచ్చింది ముప్పావు కిలో మిగిలి, 280ది 600 గ్రాములే మిగిలిందనుకో. అప్పుడు వేగిన కీమా కిలో 320 దుకాణంలో 427, 280 దుకాణంలో 467 పడ్డట్టు. చవక అనుకున్నదే నీకు 40 రూపాయలు ఎక్కువైంది.

నేను హోటల్ పెట్టిన కొత్తలో ఈ లెక్క తెలియక నష్టపోయాను. కిలోకు పది తగ్గించమని రోజూ బేరమాడేవాణ్ని. దుకాణమాయన తగ్గించాడు, ఆ పది రూపాయలకు సరిపడా కొవ్వు కలిపాడు. ఒక రాత్రి రైల్వే డ్యూటీ దిగి వచ్చిన ఒకాయన ప్లేటు నా వైపు వంచి చూపించాడు. అంచు పొడుగునా కొవ్వు తెల్లగా పేరుకుంది. పల్లెత్తు మాట అనలేదు, మళ్లీ రాలేదు. ఆ ప్లేటు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంటుంది.

అందుకే కీమా రేటు అడగకు, ముక్కల కూర రేటు అడుగు. మెడ, ముందుకాళ్ల కూర గట్టిగా ఉంటుంది కాబట్టి కాస్త తక్కువకు వస్తుంది. మిషన్లో పడితే ఆ గట్టిదనం పోతుంది, రుచి బాగుంటుంది. నీ కళ్లముందే నరాలు తీయించి, మిషన్లో మిగిలిపోయిన పాతది దులిపించి, అప్పుడు కీమా కొట్టించుకో.

ధర ఎందుకు కదులుతుందో కూడా తెలుసుకో. మన దగ్గర కూర కోసమని బర్రెను ఎవరూ పెంచరు. ఆవును కోయడానికి 1977 చట్టం ఒప్పుకోదు, బర్రెకైనా కోయొచ్చని సర్టిఫికెట్ కావాలి. పాలు ఆగిపోయి, ఇక చూడి కట్టదనుకున్నాకే రైతు అంగడికి తోలుతాడు. పాలకు మంచి ధర ఉంటే ఇంకో ఈత చూద్దామని ఆగుతాడు, అంగడి పలచబడుతుంది, కూర పిరమవుతుంది. ఎండాకాలం గడ్డి దొరక్క ఎక్కువ వస్తాయి గానీ, బక్కచిక్కి ఉంటాయి. వియత్నాం, ఈజిప్టుకు పంపే కంపెనీలు కొనడానికి దిగినా మనకు రేటు పెరుగుతుంది. తోలుకు ధర పడిపోతే ఆ లోటునూ కూర మీదే వేస్తారు.

రంజాన్‌లో మండిబజార్ వైపు, క్రిస్మస్‌కు ఫాతిమానగర్ వైపు గిరాకీ లేస్తుంది. ఆ రోజులకు ముందే చెప్పి పెట్టుకో. నెలంతా ఒకే రేటుకు ఇమ్మని పట్టుబట్టకు. బయట పెరిగిన రోజున ఆయన నీ కీమాలోనే సర్దుకుంటాడు. రోజుకు ఇన్ని కిలోలు తప్పక తీసుకుంటానని మాటివ్వు, ఉద్దెర పెట్టకు. చేతిలో డబ్బు పెట్టేవాడికే మంచి కూర ముందు దొరుకుతుంది.

కీమా ముక్కల కూర కంటే తొందరగా పాడవుతుంది. ఏ పూటకు ఆ పూటే కొట్టించుకో, చవకని ఫ్రిజ్‌లో నింపకు.

రేపు తెల్లవారి ఆరింటికే పో. రెండు గిన్నెల్లో ఎంతెంత మిగిలిందో తూచి నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దబాపు