కంచం ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి మాట

ఉత్తరం: మా మామగారికి అరవై నాలుగేళ్లు. నాలుక మొదట్లో వచ్చిన క్యాన్సర్‌కు రెండేళ్ల క్రితం ఏడు వారాలు రేడియేషన్, దానితో పాటు కీమో ఇచ్చారు. జబ్బు పోయిందని డాక్టర్లు చెప్పారు. కానీ భోజనానికి గంటకు పైగా పడుతుంది. మధ్యమధ్య దగ్గుతారు, గొంతు సవరించుకుంటూనే ఉంటారు, ఒక్కోసారి నీళ్లు ముక్కులోంచి వస్తాయి. పిల్లలు లేచి వెళ్లిపోతున్నారు. ఒకరోజు మా వారు విసుక్కున్నారు. మర్నాటి నుంచి మామగారు తన గదిలోనే తింటున్నారు. ఏం పెట్టినా సగం వదిలేస్తున్నారు, ఏడాదిలో ఏడు కిలోలు తగ్గారు. గదిలో విడిగా పెట్టడం తప్పా? బంధువులు నన్నే అంటున్నారు.

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు ఒక్క వాక్యం చాలు. ఆయన కోరుకుంటే తప్పు కాదు, కోరుకోకపోతే తప్పు, బంధువుల మాట ఈ లెక్కలోకి రాదు.

నన్ను ఆపేసింది మీరు దాటేసి వెళ్లిన ఒక చిన్న మాట: "ఒకరోజు మా వారు విసుక్కున్నారు." ఇంత ఉత్తరంలో మీ భర్త కనిపించింది ఆ ఒక్కచోటే. వండేది మీరు, కంచం తీసుకెళ్లేది మీరు, మిగిలినది చూసి బాధపడేది మీరు, మాట పడేది మీరు, చివరికి ఉత్తరం రాసిందీ మీరే. కన్నకొడుకు ఆ రోజు తర్వాత తండ్రి దగ్గర కూర్చుని ఏం మాట్లాడాడో మీరు రాయలేదు. ఏమీ మాట్లాడలేదనే నేను అనుకుంటున్నాను. ఇంట్లో ఉన్న అసలు గాయం ఆ తండ్రీకొడుకుల మధ్య ఉంది, దాన్ని మీ వంటతో మాన్పాలని మీరు ప్రయత్నిస్తున్నారు.

మీ భర్తకు బహుశా ఎవరూ విడమరిచి చెప్పని సంగతి ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. మెడకు రేడియేషన్ పడిన తర్వాత చాలామందిలో అది మళ్లీ మునుపటిలా ఊరదు, తడి లేని నోట్లో ముద్ద కదలదు. గుటక వేసేటప్పుడు స్వరపేటిక పైకి లేచి ఊపిరి గొట్టం మూసుకోవాలి. రేడియేషన్‌కు బిరుసెక్కిన కండరాలు ఆ పనిని ఆలస్యంగానో అరకొరగానో చేస్తాయి కాబట్టి మెతుకో నీటి చుక్కో దారి తప్పుతుంది, దాన్ని బయటికి నెట్టడానికే దగ్గు వస్తుంది. ఈ బిరుసు చికిత్స ముగిసిన రోజున ఆగిపోదు, ఏళ్ల తరబడి పెరుగుతూ ఉండవచ్చు. జబ్బు నయమైంది కదా, ఇంకా ఇదేమిటని విసుక్కోవడంలో ఎంత అన్యాయం ఉందో మీ వారు గ్రహించాలి. ఆ దగ్గును ఆపుకోవడం మామగారి చేతిలో లేదు, ఆపుకోకూడదు కూడా.

ఆయన మౌనంగా తింటారని, ముభావంగా ఉంటారని అనుకుంటున్నారేమో. మా అన్నయ్యకు ఇదే జబ్బు వచ్చినప్పుడు పక్కన కూర్చుని చూశాను. ముద్ద నోట్లో పెట్టుకుని, గడ్డం కాస్త కిందికి దించి, కళ్లు మూసుకుని, ఒక గుటక, మళ్లీ గుటక, తర్వాత ఒక చుక్క నీళ్లు. ఆ సమయంలో ఎవరైనా "ఎలా ఉంది?" అని అడిగితే జవాబు చెప్పబోయి పొలమారేది. మా మర్యాదే ఆయనకు ప్రమాదమని తెలియడానికి మాకు చాలా రోజులు పట్టింది. సగం వదిలేయడం కూడా మీ వంటకు వంక కాదమ్మా. గంటసేపు మింగేసరికి మనిషి అలసిపోతాడు, రుచి సరిగా తెలియదు, చల్లారినది మరీ బిగుసుకుంటుంది. మూడు పూటల భోజనాన్ని ఆరు చిన్న వాయిదాలుగా చేయండి, మెత్తగా, జారుగా, కారం లేకుండా ఉంచండి, తిన్నాక అరగంట నిటారుగా కూర్చోనివ్వండి. ఎన్ని ముద్దలు తిన్నారో లెక్కపెట్టడం మాత్రం మానండి.

అయితే ఏడు కిలోలు తగ్గడం ఇంట్లో సర్దుకునే విషయం కాదు. ఈ వారమే ఆయన్ను క్యాన్సర్ డాక్టరుకు చూపించి, మింగడంలో శిక్షణ ఇచ్చే స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి పంపమని అడగాలి. ఆహారం దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి జారడం కూడా ఉంటుంది. తరచూ జ్వరం వచ్చినా, తిన్నాక గొంతు తడిగా గరగరలాడినా ఆలస్యం చేయకూడదు. నోరు మూడు వేళ్ల మందం తెరుచుకుంటోందో లేదో చూపించండి, దవడ పట్టేసినా వ్యాయామాలు ఉన్నాయి. పన్ను తీయించాల్సి వస్తే, దవడకు రేడియేషన్ పడిందని దంతవైద్యుడికి ముందే చెప్పాలి, లేకపోతే ఎముక మానకుండా పుచ్చిపోయే ప్రమాదం ఉంది.

ఈ పనులన్నీ మీ భర్త చేయాలి. మీకు చేతకాదని కాదు, తండ్రి గొంతులో ఏం జరుగుతోందో ఆ కొడుకు తన కళ్లతో చూడాలి కాబట్టి. బేరియం కలిపిన ముద్ద మింగిస్తూ ఎక్స్-రేతో వీడియో తీసే పరీక్ష ఒకటుంది. డాక్టరు దాన్ని రాస్తే, ఆ వీడియోను తనకు చూపించమని మీ వారు అడగాలి. ముద్ద గొంతులో ఆగిపోవడం, రెండు మూడు గుటకలకు గాని కదలకపోవడం అందులో కనిపిస్తుంది. అది చూసిన కొడుకుకు ఆ రోజు తానన్న మాట తప్పక గుర్తొస్తుందని నా నమ్మకం.

ఈ జవాబు ముందు మీ వారి చేత చదివించండి. క్షమాపణకు మాటలు దొరకకపోతే తన కంచం పట్టుకుని తండ్రి గదిలోకి వెళ్లి, పక్కన కూర్చుని, ఏమీ అడగకుండా, ఆయన ముగించేదాకా లేవకుండా తినమనండి. హాల్లోకి రావాలో వద్దో ఆ తర్వాత మామగారే చెబుతారు. అంతవరకు కంచం గదిలోనే ఉండనివ్వండి.