ప్లేనర్ బోర్డులు ఇంట్లనే చేసుకునే పద్ధతి

దేవరకొండ

అల్లుడా,

సాగర్ వెనుక నీళ్లల్ల పడవ ఎనక గాలాలు గుంజుకుంట తిరిగినా వాలుగ చేప తగుల్తలేదని రాసినవ్. తప్పు గాలానిది కాదు. నీళ్లు తేటగుండి లోతు తక్కువున్న కాడ మోటరు చప్పుడుకే చేప పక్కకు తప్పుకుంటది. గాలమేమో పడవ పోయిన దారినే వస్తది. దాన్ని 15, 20 మీటర్లు పక్కకు మోసుకపోయేదే ప్లేనర్ బోర్డు, పడవకు తాడుతోని కట్టి నీళ్ల మీద తేలిచ్చే కట్టె పలక. కొనేటియి ఉన్నయి గానీ నువ్వు కొనకు. కట్టె దొరికితే రెండు రోజుల పని.

పతంగి ఎగిరే లెక్కనే ఇది. పతంగిని గాలి పైకి నూకుతది, పలకను నీళ్లు పక్కకు నూకుతయి. కన్నాలు, అంటే పతంగి మీది దారం ముడులు, యాడ కట్టినవో దాన్ని బట్టి పతంగి ఎట్ల ఎగుర్తదో, తాడు యాడ కట్టినవో దాన్ని బట్టి పలక గట్ల పోతది. ఒక్క పలకతోని చేసే చిన్న బోర్డులు ఉన్నయి గానీ అలలకు పొర్లుతయి. అడుగున సీసం సరిగ్గ కుదరకపోతే పక్కకు ఒరుగుతయి. నువ్వు రెండు పలకలు పక్కపక్కన పెట్టి రాడ్లతోని బిగించే జంట పలకలదే చెయ్యి.

ముందుగాల కట్టె సంగతి. మిషన్లు వచ్చే పెట్టెల పైన్ కట్టె తీసుకో. ఒక్కో పలక 24 ఇంచీల పొడుగు, 7 ఇంచీల ఎత్తు, 6 సూత్‌ల మందం (సూత్ అంటే ఇంచిల ఎనిమిదో వంతు). ఒక బోర్డుకు రెండు పలకలు, రెండు దిక్కులకు కలిపి నాలుగు. టేకు గట్టిదని టేకు పెడదామంటవేమో, వద్దు. ఎందుకో లెక్క చూడు. రెండు పలకలు కలిపి సుమారు 4 లీటర్ల జాగ. మొత్తం మునిగితే మోసేది 4 కిలోలే. పైన్ పలకలు 2 కిలోల పైచిలుకు, రాడ్లు, నట్లు 700 గ్రాములు అనుకో, అంతా 2 ముప్పావు కిలోలు. అంటే మూడింట రెండొంతులు మునిగి 2 ఇంచీలకు పైన నీళ్ల మీద తేల్తది. కావాల్సింది గంతే. టేకుతోనో మెరైన్ ప్లైతోనో చేస్తే ఇంచి మాత్రమే పైన ఉంటది. చిన్న అల వచ్చినా ముక్కు మునిగి బోర్డు అడుగుకు దూరుతది. పైన్‌ల గూడ ముడి ఉన్న ముక్క తియ్యకు, రాడ్ బిగించంగనే ఆడ పగుల్తది.

పలక ముక్కుకు రెండు కోతలు. మొదటిది, కింది మూలను పడవ ముక్కు లెక్క పైకి వాలుగ కోసెయ్యి, 3 ఇంచీలు చాలు. దీనితోని ముక్కు నీళ్లల్లకు దిగకుండ పైకి లేస్తది. రెండోది అసలు కోత. ముక్కు అంచును ఇంచిన్నర పొడుగున చిత్రిక పట్టి ఏటవాలు చెయ్యి. ఆ వాలు పడవ దిక్కే చూడాలె. పలక బయటి మొఖం పొడుగు, లోపలి మొఖం పొట్టి. నీళ్లు వాలుకు తాకి పలకను బయటికి నూకుతయి. జంటల రెండు పలకలకూ వాలు ఒకే దిక్కు ఉండాలె. ఎడమ బోర్డు, కుడి బోర్డు మాత్రం అద్దంల బొమ్మలు. కొత్తగ చేసేటోళ్లు ఈడనే దెబ్బ తింటరు, రెండూ ఒకే తీరు కోస్తరు. రెండూ ఎడమ కాలి చెప్పులైనట్టే. అందుకే కొయ్యకముందే నాలుగు పలకల మీద పెన్సిల్‌తోని ‘ఎడమ లోపలి’, ‘ఎడమ బయటి’ అని రాసుకో.

పలకల నడుమ 11 ఇంచీల సందు. 3 సూత్‌ల త్రెడ్ రాడ్లు (మరలున్న ఇనుప కడ్డీలు) మూడు, ఒక్కోటి పదమూడున్నర ఇంచీలు. రెండు పై అంచుకు ఇంచిన్నర కిందుగ, ముందొకటి, ఎనకొకటి. మూడోది నడుమ, అడుగు అంచుకు 2 ఇంచీల మీద. మూడూ ఒకే వరుసల పెడితే జంట మెలి తిరుగుతది. ప్రతి పలకకు లోపలొక నట్టు, బయటొక నట్టు, రెండు దిక్కుల వెడల్పు వాషర్లు. వాషర్ లేకుంటే నట్టు పైన్ కట్టెలకు దిగబడుతది. బిగించినంక సందును ముందు, ఎనక టేపుతోని కొలువు. రెండు సూత్‌ల తేడా ఉన్నా బోర్డు వంకరగ పోతది.

ఇగ తాడు కట్టే ఐబోల్టు, అంటే కొనకు రింగున్న బోల్టు. పడవ దిక్కున్న పలకకే వేస్తరు. అడుగు అంచుకు 3 ఇంచీల మీద, ముక్కు నుంచి 7, 8, 9 ఇంచీల కాడ మూడు బెజ్జాలు పెట్టుకో. ఒక్కటే పెట్టినవంటే సరిజేసుకునే దారే ఉండదు. ముందు బెజ్జంల కడితే బోర్డు బుద్ధిగ పడవ ఎనక వస్తది గానీ పక్కకు తక్కువ పోతది. ఎనక బెజ్జంల కడితే బాగ పక్కకు పోతది, తాడు మీద గుంజుడు పెరుగుతది. మరీ ఎనకైతే పలక నీళ్లకు అడ్డం తిరిగి ఆగుతది, లేకుంటే మునుగుతది. నడుమ దానితోని మొదలుపెట్టు.

రంగు సంగతి అల్కగ తీసుకోకు. బెజ్జాలు చేసినంకనే రంగు వెయ్యి, బెజ్జాల లోపల గూడ. నీళ్లు తాగేది ఆడికెళ్లే. ఒక ప్రైమర్, రెండు ఇనామిల్, పై రెండు ఇంచీలు ముదురు నారింజ. పచ్చి కట్టె మీద వేస్తే ఎండకు రంగు పొక్కుతది.

పడవ ఎక్కించకముందే చిన్న కాలువల చూసుకో. పెద్ద కాలువ కాడికి పోకు, గట్టు జారుడు, గుంజుడు ఎక్కువ. మోకాటి లోతు పారే పిల్లకాలువ చాలు. కుడి బోర్డు అయితే నీళ్లు వచ్చే దిక్కు మొఖం పెట్టి నిలబడు, నీళ్లు నీ కుడిచెయ్యి దిక్కు ఉండాలె. నాలుగు మీటర్ల తాడు పట్టుకొని వదులు. బోర్డు మెల్లగ ముక్కు తిప్పి అవతలి గట్టు దిక్కు ఎక్కుకుంట పోయి, తాడు బిర్రుగ కాంగనే నిలబడుతది. నిలబడకుండ ఊగుతుంటే ఒక బెజ్జం ముందుకు జరుపు.

పడవకు ముందు దిక్కు 5 ఫీట్ల జీఐ పైపు నిలబెట్టి దాని కొనకెళ్లి తాడు ఇడువు, 3 మిల్లీమీటర్ల అల్లిన నైలాన్, 30 మీటర్లు. పైపు ఇంకా ఎత్తు పెడితే లోపలి పలక లేచి నీళ్ల మీద జారుతది. తాడు మీద పరదా రింగు, దానికి బట్టల క్లిప్పు, క్లిప్పు పండ్ల నడుమ సైకిల్ ట్యూబు ముక్క. తంగూసును, అంటే గాలం దారాన్ని, దాంట్ల ఇరికించి అర కిలో వేలాడదియ్యి, ఆగాలె. కిలో వేస్తే ఊడాలె. ఊడకపోతే చేప బోర్డునే గుంజుతది. గాలాన్ని పడవ ఎనక 25 మీటర్లు ఇడిచినంకనే క్లిప్పు పెట్టి రింగును జారనియ్యి. ఒక దిక్కు రెండు గాలాలైతే బయటిదానికి తంగూసు పొడుగు ఇడువు. అప్పుడు బయట పడ్డ చేప లోపలి గాలం ఎనకకెళ్లి వస్తది, చిక్కు పడది.

పడవ మనిషి నడిచే వేగంల పోవాలె, గంటకు 3, 4 కిలోమీటర్లు. మలిపేటప్పుడు పెద్ద చుట్టు తీసుకో. కురచగ మలిపితే లోపలి దిక్కు బోర్డు ఆగిపోయి తాడు సడలి మోటరు రెక్కలకు చుట్టుకుంటది. పడవ ఆపాలంటే ముందు బోర్డులు గుంజుకో, తర్వాతనే మోటరు. నీళ్లు దిగినప్పుడు మునిగిన మోడులు పైకి తేల్తయి, ఆడికి పోకు. థర్మాకోలు, ఖాళీ సీసలు వరుసగ తేల్తుంటే అది ఎవరిదో వల, బోర్డు దాని మీదికెళ్లి పోతే కొట్లాటే. అమ్రాబాద్ పులుల అడవి దిక్కు ఒడ్డుకు అసలే పోకు. ఫిషరీస్ వాళ్ల లైసెన్సు లేకుంటే ముందు అది తీసుకో, లైఫ్ జాకెట్ ఇడవకు.

కాలువల చూసినంక ఏ బెజ్జం కాడ కుదిరిందో రాయి. ఎడమది, కుడిది ఒకే బెజ్జం కాడ కుదరకపోతే పలకల సందు మళ్లొకసారి కొలిచి అది గూడ రాయి.

నీ మామ