బోటులో గ్యాస్ కొట్టించేటప్పుడు ఆదా లెక్కలు పనికిరావు తమ్ముడూ

ప్రశ్న: అన్నా, మేం అట్లాంటా వచ్చి ఏడాదైంది. వచ్చే శనివారం మూడు కుటుంబాలం కలిసి లేక్ లేనియర్‌లో పాంటూన్ బోటు (లోహపు గొట్టాల మీద తేలే చదునైన బోటు) అద్దెకు తీసుకుంటున్నాం. తిరిగిచ్చేటప్పుడు గ్యాస్ (అదే, పెట్రోలు) మేమే నింపాలట. మెరీనాలో (బోట్లు ఆగే రేవులో) రేటు బాగా ఎక్కువని విన్నాం. బయట బంకులో క్యాన్లలో కొని పట్టుకెళ్తే ఇబ్బంది ఉందా? డాక్ (బోటు కట్టే గట్టు) దగ్గర కొట్టించాలంటే రూల్స్ ఏమిటి?

జవాబు: తమ్ముడూ, నీ ప్రశ్నలో ముందు రేటు వచ్చింది, తర్వాత రూల్స్ వచ్చాయి. మనవాళ్ళందరం ఇంతేలే. కొత్తలో చేసే తప్పులు చాలావరకు ఆ రేటు దగ్గరే మొదలవుతాయి. వాటిలో కొన్ని నా ఖాతాలోనూ ఉన్నాయి. ఆ కథలు ఇప్పుడొద్దు, తప్పు ఎక్కడ జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో చెబుతాను. మిగతా రూల్స్ జార్జియా డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) సైట్లో ఉంటాయి, ఓ అరగంట కూర్చుని చదువుకో. రెండు మాత్రం ఇప్పుడే చెప్పేస్తా. 1998 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు స్టీరింగ్ పట్టాలంటే బోటింగ్ కోర్సు చేసి ఉండాలి. 13 ఏళ్ళలోపు పిల్లలకు బోటు కదులుతున్నంతసేపూ ఒంటిమీద లైఫ్ జాకెట్ ఉండాలి.

ముందు నీ రేటు సంగతే తేలుద్దాం. 90 హార్స్‌పవర్ ఇంజిన్‌ను పూర్తిగా తొక్కితే గంటకు దాదాపు 9 గ్యాలన్లు (గ్యాలన్ అంటే దాదాపు 3.8 లీటర్లు) తాగుతుంది. హార్స్‌పవర్‌ను పదితో భాగిస్తే వచ్చేదే ఆ అంకె, గుర్తుపెట్టుకో. నెమ్మదిగా పోతే అందులో సగం. రోజంతా అద్దె అన్నా, మీరు నిజంగా నడిపేది రెండు మూడు గంటలే. మిగతా టైమంతా ఏదో మూల లంగరేసి పులిహోర తింటారు. 12 గ్యాలన్లు అవుతుందనుకో. మెరీనాలో గ్యాలన్‌కు డాలరున్నర ఎక్కువనుకో. మొత్తం 18 డాలర్లు, ఇంటికి ఆరు. ఆరు డాలర్లకు ఇక్కడ మసాలా దోసె కూడా రాదు.

ఆ ఆరు డాలర్ల కోసం క్యాన్లు పట్టుకెళ్తే ఏమవుతుందో చూడు. కారు డిక్కీలో కార్పెట్ మీద క్యాన్ పెట్టి అక్కడే నింపితే స్టాటిక్ కరెంటు నేలలోకి పోయే దారి ఉండదు, నాజిల్ దగ్గరే రవ్వ లేవచ్చు. క్యాన్ నింపాలంటే కిందికి దింపి నేల మీద పెట్టి, నాజిల్ క్యాన్‌కు తగిలేలా పట్టుకునే నింపాలి. నింపిన 5 గ్యాలన్ల క్యాన్ 14 కిలోలకు పైనే ఉంటుంది. ఊగే బోటు మీద నిలబడి అంత బరువు రెండు చేతులతో ఎత్తి చిన్న కన్నంలోకి ఒంపడమంటే కొంత డెక్ మీద, కొంత సరస్సులో, కొంత నీ ప్యాంటు మీద పోయడమే. పైగా చాలా చోట్ల అద్దె కాగితంలోనే ఇది కూడదని రాసి ఉంటుంది. మనం చదవకుండా సంతకం పెట్టే కాగితం అదే. చేపల బోట్లలో చేత్తో బయటికి తీసే చిన్న ట్యాంకు ఉంటే, దాన్ని డాక్ మీదికి తెచ్చి, అక్కడే నింపి, మూత బిగించి మళ్ళీ లోపల పెట్టాలి. బోటులో ఉంచి నింపకూడదు.

బయటి బంకులో ఇంకో ఉచ్చుంది. ‘అన్‌లెడెడ్ 88’ అని కాస్త చవగ్గా అమ్మేది 15 శాతం ఇథనాల్ కలిపిన గ్యాస్. బోటు ఇంజిన్లలో అది పోయడం చట్టవిరుద్ధం. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. 10 శాతం కలిపినదాని వరకే బోట్లకు అనుమతి.

ఇప్పుడు అసలు ప్రమాదం. మన ఊళ్ళో బండి మీద కూర్చునే పెట్రోలు కొట్టించుకుని, మూత పెట్టీపెట్టకముందే కిక్కు కొట్టి వెళ్ళిపోయిన అలవాటు మనది. బండికీ కారుకూ కింద ఖాళీ ఉంటుంది, ఆవిరి గాల్లో కలిసిపోతుంది. బోటు అలా కాదు, అదొక గిన్నె. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. నీళ్ళలాగే పల్లానికి పారి ఆ గిన్నె అడుగున కూర్చుంటుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి పెట్రోలు నుంచి వస్తుంది, జూలైలో జార్జియా ఎండ సంగతి చెప్పేదేముంది. గాలిలో ఆ ఆవిరి 1.4 శాతం చేరితే చాలు, ఒక్క రవ్వకు పేలుతుంది. ఆ రవ్వ స్టార్టర్ నుంచి రావచ్చు, ఫ్రిజ్ స్విచ్ నుంచి రావచ్చు.

పాంటూన్‌లో ఇంజిన్ వెనకాల బయట వేలాడుతుంది కాబట్టి ప్రమాదం కొంత తక్కువ. కానీ చాలావాటిలో ట్యాంకు వెనక సీటు కిందో, డెక్ కింద అరలోనో ఉంటుంది. ఆవిరి అక్కడ చేరుతుంది. ఒకవేళ శనివారం పొద్దున్న పాంటూన్ లేదని చెప్పి, వెనకాల మూత కింద ఇంజిన్ ఉన్న స్పీడ్‌బోటు చేతిలో పెట్టారనుకో, అప్పుడు ఈ మాటలన్నీ రెట్టింపు జాగ్రత్తతో చదువుకో. దాంట్లో బ్లోయర్ అని చిన్న ఫ్యాన్ ఉంటుంది. ఇంజిన్ గదిలోని గాలిని బయటికి తోయడమే దాని పని.

డాక్‌కు చేరగానే ముందూ వెనకా రెండు తాళ్ళు కట్టు. ఒక్కటే కడితే పక్కనుంచి పోయే బోటు అలకు నీ బోటు తిరిగిపోయి, నాజిల్ కన్నంలోంచి ఊడి వస్తుంది. తర్వాత ఇంజిన్, పాటల సిస్టమ్, ఫ్రిజ్ అన్నీ ఆపెయ్. మెయిన్ బ్యాటరీ స్విచ్ ఉంటే అదీ ఆపెయ్. పొయ్యి, గ్రిల్, సిగరెట్ మాట ఎత్తొద్దు. బోటు కొనుక్కున్నవాళ్ళు కొబ్బరికాయ, కర్పూరం పూజ ఇంటి దగ్గరే కానివ్వండి, ఫ్యూయల్ డాక్ మీద వద్దు. కిటికీలు, తలుపులు, అరల మూతలు మూసెయ్. నింపేటప్పుడు బ్లోయర్ కూడా వెయ్యకూడదు, బయటి ఆవిరిని లోపలికి లాగుతుంది. ఇవన్నీ అయ్యాక అందరినీ డాక్ మీదికి దింపు. ఇక్కడే మనవాళ్ళు మొహమాటపడతారు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను మళ్ళీ ఎక్కించడం కష్టమని, నిద్రపోతున్న పిల్లను లేపడం ఎందుకని లోపలే కూర్చోబెడతారు. వద్దు. అంత ఇబ్బందైతే బయల్దేరకముందు, వాళ్ళు ఎక్కకముందే కొట్టించు.

మూత తిప్పేముందు దాని మీద రాసింది చదువు. గ్యాస్ కన్నం, మంచినీళ్ళ కన్నం, టాయిలెట్ ట్యాంకు కన్నం పక్కపక్కనే ఒకేలా ఉండే బోట్లున్నాయి. గాలం కర్ర పెట్టే గొట్టంలో గ్యాస్ పోసేసినవాళ్ళూ ఉన్నారు. అది నేరుగా బోటు అడుగుకే పోతుంది. పంపు దగ్గర గ్యాసా, డీజిలా అన్నది నాజిల్ రంగు చూసి అనుకోవద్దు. కుర్రాణ్ణి అడిగి, నోటితో చెప్పి తీసుకో.

నాజిల్‌ను కన్నం అంచున ఉన్న లోహానికి ఆనించి, తీసేదాకా అలాగే ఉంచు. ఆ లోహం నుంచి ట్యాంకుకు తీగ ఉంటుంది, స్టాటిక్ దాని గుండా పోతుంది. లీవర్ చేత్తోనే పట్టుకోవాలి. మెరీనా నాజిళ్ళకు లీవర్‌ను నొక్కి ఉంచే కొక్కెం పెట్టరు. కొందరు మూతనో రాయినో ఇరికిస్తారు, అది మాత్రం చెయ్యకు. కారులో నిండగానే టక్కున ఆగుతుంది కదా, ఇక్కడ దాన్ని నమ్మలేం. బోటు పైపు పొడుగ్గా, వంకరగా ఉంటుంది. నాజిల్ ఆగేలోపే గ్యాస్ వెనక్కి ఉమ్మేస్తుంది, లేదా పక్కన ట్యాంకులోని గాలి బయటికి పోయే రంధ్రంలోంచి సరస్సులోకి చిమ్ముతుంది. అందుకే ఒక చేత్తో నాజిల్, ఇంకో చేత్తో గాలి రంధ్రం దగ్గర నూనె పీల్చే ప్యాడ్ పట్టుకుని, నెమ్మదిగా పోస్తూ చప్పుడు విను. నిండేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది.

పూర్తిగా నింపొద్దు, 90 శాతం దగ్గర ఆపు. డబ్బులిచ్చాం కదా, చివరి చుక్కదాకా అనుకునేవాళ్ళే ఎక్కువ నష్టపోతారు. చల్లటి గ్యాస్ ఎండకు వేడెక్కితే ప్రతి 10 డిగ్రీల సెల్సియస్‌కు దాదాపు ఒక శాతం పెరుగుతుంది. 25 గ్యాలన్ల ట్యాంకు మూతిదాకా నింపి, అది 15 డిగ్రీలు వేడెక్కిందంటే లీటరుకు పైగా బయటికి పోతుంది. నువ్వు డబ్బు పెట్టి కొన్నదే, నీళ్ళ మీద రంగురంగుల పొరగా తేలుతుంది.

ఆ పొర తేలితే అది చట్టవిరుద్ధమే, ఎంత తక్కువైనా సరే. వెంటనే డాక్ కుర్రాడికి చెప్పు. ఇలాంటి ఒలకడాల సమాచారం తీసుకునే ప్రభుత్వ కేంద్రం నేషనల్ రెస్పాన్స్ సెంటర్‌కు, 1-800-424-8802కు, ఫోన్ చేయాలి. అంట్లు తోమే సబ్బు పోసి పొర కనపడకుండా చెయ్యడం ఇంకో తప్పు. పొర మాయమైనట్టే ఉంటుంది గానీ, గ్యాస్ నీళ్ళలోకి దిగి చేపలకు ఎక్కువ హాని చేస్తుంది. సబ్బు పోయడానికి విడిగా జరిమానా వేస్తారు. ప్యాడ్లతో అద్దడం ఒక్కటే దారి.

నింపడం అయ్యాక మూత బిగించు, ఒలికింది తుడువు. తుడిచిన గుడ్డ బోటులో పడెయ్యకు, డాక్ వాళ్ళకిచ్చెయ్. ఇప్పుడు కిటికీలు, తలుపులు, సీట్ల కింద అరలు, ఇంజిన్ మూత అన్నీ తెరిచి, బ్లోయర్ ఉంటే కనీసం 4 నిమిషాలు వెయ్. తర్వాత వంగి, అడుగు దాకా ముక్కు పెట్టి వాసన చూడు. బ్లోయర్ తిరుగుతోంది కదా అని ఊరుకోవద్దు, దాని గొట్టం ఊడిపోయి ఉంటే అది ఊరికే తిరుగుతున్నట్టే. వాసన తగిలితే తాళం జోలికి వెళ్ళకు, ఎవరినీ ఎక్కించకు, డాక్ వాళ్ళను పిలువు. తగలకపోతే ఇంజిన్ స్టార్ట్ చేసి, ఆ తర్వాతే మనుషుల్ని ఎక్కించు. వెనక లైన్లో బోట్లు హారన్లు కొడతాయి, కొట్టనీ. మనల్ని ఎవరైనా తొందరపెడితే తప్పు మనదే అనుకునే జబ్బు కొత్తవాళ్ళకు ఎక్కువ.

ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఎక్కడుందో తాళాలు తీసుకునేటప్పుడే అడుగు. సూది పచ్చ గీతలో ఉండాలి. మళ్ళీ నింపే వీలులేని రకమైతే, దాని మీద వేసిన తయారీ సంవత్సరం నుంచి 12 ఏళ్ళు దాటకూడదు. 2022 ఏప్రిల్ నుంచి కోస్ట్ గార్డ్ పెట్టిన నిబంధన ఇది.

ఇక, రెండేళ్ళలో నువ్వు కూడా పాత బోటు కొంటావు, నాకు తెలుసు. ఇంజిన్ లోపల ఉండే రకమైతే స్టార్టర్, ఆల్టర్నేటర్ పాడైనప్పుడు కారుది సగం ధరకు దొరుకుతుంది, బోల్టులు కూడా సరిపోతాయి. పెట్టించకు. బోటు స్టార్టర్‌ను లోపలి రవ్వ బయటి ఆవిరికి తగలకుండా తయారుచేస్తారు. కారుదానికి ఆ ఏర్పాటు ఉండదు, ధరలో తేడా అందుకే.

శనివారం సంగతికొస్తే, గ్యాస్ బోటు అద్దెకిచ్చేవాళ్ళనే కొట్టమని అడిగి, గ్యాలన్‌కు ఎంతో కనుక్కో. బోటు గేజిని నమ్మలేం. ట్యాంకులో తేలే బెండు ఊగుతుంటుంది, బోటు ఒరిగితే సూది కూడా ఒరుగుతుంది. బయల్దేరేముందు, డాక్‌కు కట్టేసి ఉండగా గేజి ఫోటో తీసుకో. బిల్లు పంపులో పడిన గ్యాలన్లను బట్టి వేస్తారా, సూదిని చూసి వేస్తారా అన్నది సంతకం పెట్టకముందే అడుగు.