ఆ రిపోర్టు పంపాలా వద్దా అని అడిగావు కదా

శ్రీకాకుళం

అమ్మడూ,

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ఉన్నట్టుండి మూసుకుపోయినప్పుడల్లా, అంటే క్రాష్ అయినప్పుడల్లా, దాన్ని తయారుచేసినవాళ్ళకి రిపోర్ట్ పంపమని ఒక పెట్టె వస్తోంది, నొక్కితే జనాల ఆధార్‌లూ అవీ ఎక్కడికో పోతాయంటున్నారు, నిజమేనా మావయ్యా అని ఫోన్‌లో అడిగావు. సగం చెప్పేసరికి నీ దగ్గరికి ఎవరో జిరాక్స్‌కి వచ్చారు కాబట్టి మిగతాది రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను: ఇంట్లో నీ సొంత లాప్‌టాప్ నుంచైతే పంపు, ప్రతిసారీ పంపు. నరసన్నపేట షాపులో కౌంటరు మీదున్న సిస్టమ్ నుంచి మాత్రం, వేరేవాళ్ళ కాగితం తెరిచి ఉండగా క్రాష్ అయితే పంపకు.

ఆ రిపోర్టులో నీ ఫైళ్ళేమీ కట్టగట్టి వెళ్ళవు. ఏ వెర్షన్ ప్రోగ్రామ్, ఏ విండోస్, ప్రోగ్రామ్‌లో ఏ భాగం దగ్గర పడిపోయింది, అక్కడికి ఏ వరుసలో వచ్చింది, ఆ క్షణంలో ప్రోగ్రామ్ వాడుకునే సహాయక ఫైళ్ళు, అంటే డీఎల్‌ఎల్‌లు, ఇంకా ఏవేవి లోడ్ అయి ఉన్నాయి, ఇవీ ముఖ్యంగా వెళ్ళేవి. వీటితోపాటు మెమరీలోంచి ఒక చిన్న ముక్క కూడా వెళ్తుంది, భయపడాల్సింది ఉంటే దాని గురించే. ప్రోగ్రామ్ అప్పుడు దేనిమీద పనిచేస్తోందో దాని తునకలు అందులో ఉండే అవకాశం ఉంది, ఒక పేరు కావచ్చు, నంబరు కావచ్చు, ఖర్మకాలితే పాస్‌వర్డ్ కావచ్చు. ఎవరూ కావాలని తీసుకోరు, కానీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. దారిలో ఎవరూ చూడరనీ అనుకోకు. 2013 డిసెంబర్‌లో జర్మన్ పత్రిక డెర్ ష్పీగెల్, అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ విండోస్ ఎర్రర్ రిపోర్టులను మధ్యలో పట్టుకుని ఏ కంప్యూటర్‌లో ఏ లోపం ఉందో తెలుసుకుంటోందని బయటపెట్టింది. నరసన్నపేట సిస్టమ్‌తో వాళ్ళకి పనేమీ లేదులే, కానీ నీ కౌంటరు దగ్గరికి వచ్చే మనిషి తన పాసుపుస్తకం నకలు నిన్ను నమ్మి ఇస్తాడు. అతన్ని అడగకుండా అతని కాగితంలో ఒక్క అక్షరమైనా ఎక్కడికైనా పంపే హక్కు మనకి లేదు. ఈ విషయంలో నేను గట్టిగానే ఉంటాను.

మరి ఇంటి లాప్‌టాప్ నుంచి ఎందుకు పంపమంటున్నానంటే, నువ్వు పంపినదాన్ని ఎవరో తెరిచి చదివి నీకు జవాబు రాస్తారని కాదు, అలా ఎవరూ రాయరు. ప్రోగ్రామ్‌లో ఒకే చోట పడిపోయిన రిపోర్టులన్నీ తయారుచేసినవాళ్ళ దగ్గర ఒక కుప్పగా చేరతాయి, ఏ కుప్ప పెద్దదైతే దాన్ని ముందు చూస్తారు. 2002లో అప్పటి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ తమ కస్టమర్లకి రాసిన ఉత్తరంలో ఇలాంటి రిపోర్టుల వల్ల తెలిసిన సంగతి ఒకటి చెప్పాడు: మొత్తం ఎర్రర్లలో 80 శాతానికి కారణం 20 శాతం బగ్‌లేనట (బగ్ అంటే ప్రోగ్రామ్‌లో ఉన్న తప్పు), అందులోనూ ఒక్క శాతం బగ్‌ల వల్లే సగం ఎర్రర్లు వస్తున్నాయట. ఆ ఒక్క శాతం ఏదో కుప్పలు చూస్తే గాని తెలియదు.

ఇక్కడే మన సంగతి వస్తుంది. తెలుగులో టైప్ చేసేవాళ్ళం తక్కువ, అందులో రిపోర్ట్ పంపేవాళ్ళం ఇంకా తక్కువ, అందుకని మన కుప్ప ఎప్పుడూ చిన్నదే. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌లకి ఏమైందో గుర్తుందా? జ్ఞా అనే అక్షరంలో ఒత్తుకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు పడితే చాలు, మెసేజ్ వచ్చిన యాప్ కుప్పకూలి మళ్ళీ తెరుచుకునేది కాదు. ప్రపంచమంతా వార్త అయింది కాబట్టి కొద్ది రోజుల్లోనే, ఫిబ్రవరి 19న, ఐఫోన్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేశారు. తెలుగు వల్ల వచ్చే తప్పులన్నీ అలా వార్తలు కావు. టేబుల్‌లో ఒత్తులున్న మాట అతికిస్తే లిబ్రే ఆఫీస్‌లో ఉత్తరాలు టైప్ చేసే రైటర్ మూసుకుపోయిందనుకో, ఆ ప్రోగ్రామ్ రాసినవాడి ఊళ్ళో అది ఎప్పటికీ జరగదు, మన దగ్గరే జరుగుతుంది, మనం నోరు విప్పకపోతే అది లేనట్టే లెక్క. లిబ్రే ఆఫీస్, ఫైర్‌ఫాక్స్ లాంటివి మన చేత పైసా తీసుకోకుండా ఇస్తున్నారు, కనీసం ఎక్కడ విరిగిందో చెప్పడం మన వంతు అని నా నమ్మకం.

పంపేటప్పుడు కింద రాసే చోటు ఖాళీగా వదలకు. "పనిచేయట్లేదు" అని రాస్తే ఏం ఉపయోగం? ఏం చేస్తుంటే అయిందో, మళ్ళీ చేస్తే మళ్ళీ అయిందా, ఏ కీబోర్డు పద్ధతి, ఇన్‌స్క్రిప్టా ఇంకోటా, ఏ ఫాంటు, రెండు ముక్కల ఇంగ్లీషులో చాలు, వ్యాకరణం ఎవరూ చూడరు. కానీ ఫైర్‌ఫాక్స్‌లో ఆ రాసింది అందరికీ కనబడుతుంది, ఆ పెట్టెలోనే ఆ మాట ఉంటుంది చదువు, కాబట్టి పేర్లూ ఫోన్ నంబర్లూ అందులో పెట్టకు. చూస్తున్న పేజీ అడ్రస్ జతచేయాలా అని ఒక టిక్కు కూడా ఉంటుంది, బ్యాంకు పేజీలో ఉంటే అది తీసేసి పంపు.

అప్పటికప్పుడు తేల్చుకోవాలని టెన్షన్ పడకు. ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో ఇంగ్లీషులో అబౌట్ అని, కోలన్ పెట్టి, ఖాళీ లేకుండా క్రాషెస్ అని కొడితే పంపినవి వేరుగా పంపనివి వేరుగా కనిపిస్తాయి, తీరిక చూసుకుని పంపొచ్చు. కౌంటరు సిస్టమ్‌లో విండోస్ సెట్టింగ్స్‌కి వెళ్ళి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డయాగ్నొస్టిక్స్ అండ్ ఫీడ్‌బ్యాక్ తెరిచి, ఆప్షనల్ డేటా పంపడం ఆఫ్ చేసెయ్. కనీస సమాచారం అప్పటికీ వెళ్తూనే ఉంటుంది, కానీ మెమరీ ముక్కలు వెళ్ళే పెద్ద రిపోర్టులు ఆగుతాయి.

పంపినా లాభం లేనివి కొన్నున్నాయి. నీ డీటీపీ పనికి వాడే పేజ్‌మేకర్ 7.0, 2001 నాటిది, ఆ తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రానే లేదు, దాని క్రాష్‌లు చదివేవాడు ఎక్కడా లేడు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ కూడా అంతే, దాన్ని మధ్యలో ఎవడో మార్చేశాడు కాబట్టి ఆ రిపోర్ట్ అసలువాళ్ళని తప్పుదారి పట్టిస్తుంది. కరెంటు పోయి సిస్టమ్ ఆగితే అది క్రాషే కాదు, యూపీఎస్ బ్యాటరీ మార్చు. ఒకరోజు ఫైర్‌ఫాక్స్, ఇంకోరోజు ఎక్సెల్, మర్నాడు ప్రింటర్ సాఫ్ట్‌వేర్ ఇలా వరుసగా పడిపోతుంటే తప్పు వాటిది కాకపోవచ్చు, ర్యామ్‌దో వేడెక్కడందో అయ్యుంటుంది. స్టార్ట్‌లో రిలయబిలిటీ అని వెతికితే ఏ రోజు ఏది పడిపోయిందో పటం వేసి చూపిస్తుంది, ముందు అది చూడు.

ఇంకొకటి, ఇది మీ షాపులో కూర్చునే కుర్రాడికి కూడా చెప్పు. తెర నిండా ఎర్రగా వచ్చి "మీ కంప్యూటర్ క్రాష్ అయింది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అనేది క్రాష్ రిపోర్ట్ కాదు, దొంగలు. అసలు రిపోర్టు ఫోన్ నంబర్ ఇవ్వదు, డబ్బులడగదు, ఓటీపీ అడగదు. బ్రౌజర్ మూసేసి ఊరుకోమను.

కౌంటరు సిస్టమ్ సెట్టింగ్ మార్చాక ఒకసారి ఫోన్ చెయ్, నేను చెప్పినట్టు టేబుల్ దగ్గర రైటర్ ఎప్పుడైనా మూసుకుపోతే ఆ ఫైలు మాత్రం చెరపకుండా ఉంచు. అందులో పేర్లు తీసేసి నమూనా తయారుచేసి, లిబ్రే ఆఫీస్ వాళ్ళకి ఆ బగ్ గురించి ఎలా తెలియజేయాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మావయ్య